తలకి నీలిమందు

"సెలూన్‌లో టోనర్ వేయించుకుని ఇంకా మూడు వారాలు కాలేదు, అప్పుడే జుట్టు ఇత్తడి రంగుకి తిరిగింది. ఎవరికైనా ఇలా అయిందా?" మన గ్రూపుల్లో నెలకోసారైనా ఈ ప్రశ్న వస్తుంది. దాని కింద వరసగా జవాబులు. పర్పుల్ షాంపూ వాడు, వేడినీళ్ళు పోసుకోకు, సల్ఫేట్ లేనిది కొనుక్కో, అసలు ఎందుకు వేయించుకున్నావు! ఈ చివరిది మామూలుగా ఏ పిన్నిగారో రాస్తారు.

సెలూన్ అమ్మాయి కూడా పంపించే ముందు ఇవే చెప్తుంది. రెండు మూడు రోజులు తల తడపకండి, చల్లటి నీళ్ళు వాడండి, వారానికోసారి పర్పుల్ షాంపూ. మనం తల ఊపి, డబ్బు కట్టి, టిప్పు ఇచ్చి వచ్చేస్తాం. ఈ మాటలు ఎక్కడ పుట్టాయో, ఎవరి జుట్టుని చూసి పుట్టాయో అడగం. అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి. వాటిలో కొన్ని మన తలకి సరిగ్గా సరిపోతాయి, కొన్ని అసలు సరిపోవు. ఆ తేడా తెలియకే మనలో చాలామంది తప్పు సీసా కొని, అది పనిచేయలేదని ఇంకా ఎక్కువ పోసుకుంటున్నారు.

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. హైలైట్స్ అంటే జుట్టుకి రంగు వేయడం అనుకుంటాం. కానీ అక్కడ మొదట జరిగేది రంగు తీసేయడం. పాయలు పాయలుగా విడదీసి, వాటిలో ఉన్న సహజమైన రంగుని బ్లీచ్‌తో తీసేస్తారు. తీశాక కనబడే పచ్చిరంగు ఎవరికీ నచ్చదు. దాన్ని సరిచేయడానికి పైన పల్చగా వేసేదే టోనర్. మొదటిది శాశ్వతం, రెండోది నాలుగు నుంచి ఆరు వారాల ముచ్చట. ఈ రెండిటి చరిత్రలు కూడా వేరు వేరు.

రంగు తీసే పని చాలా పాతది. రోమన్ల కాలంలో గాల్ ప్రాంతం వాళ్ళు కొవ్వునీ బూడిదనీ కలిపి ఒక ముద్ద చేసి, జుట్టు ఎర్రబడడానికి వాడేవారని ప్లినీ రాశాడు. దాని పేరు సాపో. సోప్ అనే మాటకి చుట్టం అదే. అంటే ఆ మాట మొదట చరిత్రకెక్కింది ఒళ్ళు రుద్దుకోవడానికి కాదు, జుట్టు రంగు మార్చుకోవడానికి! రోమ్‌లో జుట్టు రంగుల పిచ్చి ఎంత ఉండేదంటే, ఓవిడ్ అనే కవి తన ప్రియురాలి జుట్టు రంగుమందులకి ఊడిపోయిందని ఒక కవితే రాశాడు. వద్దని చెప్పాను కదా, విన్నావా, అన్న ధోరణిలో సాగుతుంది అది. రెండు వేల ఏళ్ళు దాటినా మన పిన్నిగార్ల ధోరణి ఏమీ మారలేదన్నమాట.

తర్వాత వెనిస్. 1590లో చేజారే వెచెల్లియో అనే ఆయన దేశదేశాల దుస్తుల మీద ఒక పుస్తకం అచ్చువేయించాడు. అందులో వెనిస్ ఆడవాళ్ళు ఇంటి కప్పు మీద కట్టిన చెక్క అరుగు మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుని ఉంటారు. ఆ అరుగుని అల్తానా అంటారు. తల మీద ఒక గడ్డి టోపీ, దానికి అంచు మాత్రమే ఉంటుంది, పైన మూత ఉండదు. జుట్టుని ఆ కన్నంలోంచి పైకి తీసి అంచు మీద చుట్టూ పరుస్తారు. పుల్లకి కట్టిన చిన్న స్పాంజితో ఏదో ద్రావణం అద్దుతూ, ఆరాక మళ్ళీ అద్దుతూ, గంటల తరబడి అలాగే. జుట్టు మాత్రం బంగారం కావాలి, మొహం మాత్రం కమలకూడదు, అందుకే ఆ టోపీ. ఎండకి జుట్టు రంగు వెలుస్తుందని, తడిసిన జుట్టు ఇంకా త్వరగా వెలుస్తుందని వాళ్ళకి అనుభవం మీద తెలుసు. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఎండలో తిరిగి వచ్చాక మన హైలైట్స్ పచ్చబడడానికీ మూలం ఇదే. ఎండ ఈ రోజుకీ బ్లీచే. టోపీయో చున్నీయో వేసుకోమని సెలూన్ వాళ్ళు అనేది ఉత్తుత్తి మాట కాదు. మూత ఉన్న టోపీ మాత్రం వేసుకోవాలి!

అసలు మార్పు వచ్చింది 19వ శతాబ్దంలో, పారిస్‌లో. 1818లో లూయీ జాక్ తెనార్ అనే రసాయన శాస్త్రవేత్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కనిపెట్టాడు. దాన్ని జుట్టుకి వాడొచ్చన్న సంగతి లోకానికి తెలిసింది మాత్రం 1867 పారిస్ ప్రదర్శనలో. లండన్ నుంచి వచ్చిన తియేలే అనే మందుల తయారీదారు, పారిస్ క్షురకుడు లియోన్ యూగో కలిసి పెరాక్సైడ్‌తో జుట్టు రంగు ఎలా తేలుతుందో జనానికి చూపించారు. అల్తానా మీద వారాల తరబడి కూర్చునే పని గంటల్లోకి వచ్చేసింది. ఈ రోజు సెలూన్‌లో కలిపేది కూడా ఆ పెరాక్సైడే, దానికి పెర్‌సల్ఫేట్ లవణాల పొడి తోడు. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే, ఒక లీటరు ద్రావణం నుంచి 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. అంటే సుమారు 6 శాతం పెరాక్సైడ్. 30 అంటే 9 శాతం, 40 అంటే 12.

ఇక్కడే మన జుట్టు సంగతి ఎత్తాలి. వెంట్రుకలో మెలనిన్ రెండు రకాలు. నలుపు, ముదురు గోధుమ రంగులనిచ్చేది ఒకటి, ఎరుపు పసుపు ఛాయలనిచ్చేది ఇంకొకటి. బ్లీచ్‌కి మొదటిది ముందు లొంగుతుంది, రెండోది మొండిగా మిగులుతుంది. అందుకే నల్లజుట్టుని తేలిక చేస్తుంటే ముందు ఎర్రగా, తర్వాత నారింజ, తర్వాత పసుపు, చివరికి అరటిపండు తొక్క లోపలి రంగు వస్తుంది. హెయిర్ డ్రెస్సర్లు దీన్ని 1 నుంచి 10 వరకు అంకెలతో లెక్కపెడతారు. 1 అంటే కాటుక నలుపు, 10 అంటే దాదాపు తెలుపు. మన తెలుగువాళ్ళ జుట్టు ఎక్కువగా 1 నుంచి 3 లోపు ఉంటుంది. యూరప్ పిల్ల 7 దగ్గర బయల్దేరి 9కి వెళ్తుంది, రెండు మెట్లు. మనం 2 దగ్గర బయల్దేరి కారమెల్ కావాలంటాం, అంటే 6 దాకా నాలుగు మెట్లు. ఆ అమ్మాయి ఆగిన చోట అడుగున మిగిలేది పసుపు. మనం ఆగిన చోట అడుగున మిగిలేది నారింజ. ఈ ఒక్క తేడాని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో సీసా దగ్గర మళ్ళీ అవసరం.

ఇప్పుడు టోనర్ కథ. ఇది సెలూన్‌లో కాదు, తివాచీల కార్ఖానాలో మొదలైంది. పారిస్‌లో గోబెలిన్ అనే రాజుగారి నేత కార్ఖానా ఉండేది. 1824లో అక్కడ అద్దకాల విభాగానికి మిషెల్ యూజెన్ షెవ్రోల్ అధిపతిగా వచ్చాడు. నల్లదారం సరిగ్గా నల్లగా ఉండడం లేదని ఆయనకి ఫిర్యాదులు. ఆయన పరీక్షిస్తే అద్దకంలో తప్పేమీ కనబడలేదు. నల్లదారం పక్కన ఏ రంగు నేశారన్నదాన్ని బట్టి మన కన్ను దాన్ని వేరుగా చూస్తోంది! అక్కడి నుంచి తీగ లాగి, ఏ రంగు ఏ రంగుకి ఎదురు, ఏది దేన్ని ఎగదోస్తుంది అని ఏళ్ళ తరబడి చూసి 1839లో పెద్ద పుస్తకం వేశాడు. రంగులని చక్రంలా పేర్చి చూపించిన వాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఎదురెదురు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఒకటి మెరిపిస్తాయి, ఒకదాని మీద ఒకటి కలిస్తే రెండూ అణిగిపోతాయి. పసుపుకి ఎదురు ఊదా, నారింజకి ఎదురు నీలం, ఎరుపుకి ఎదురు ఆకుపచ్చ.

టోనర్ చేసేదంతా ఇంతే. ఇత్తడి రంగుని తీసేయదు, దానికి ఎదురు రంగు కలిపి కంటికి కనబడకుండా చేస్తుంది.

షెవ్రోల్ గురించి ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. రంగుల జోలికి రాకముందు ఆయన చేసిన పని కొవ్వుల మీద. సబ్బు తయారయ్యేటప్పుడు అసలు ఏం జరుగుతుందో, కొవ్వు ఏయే ముక్కలుగా విడుతుందో తేల్చి 1823లో పుస్తకం రాశాడు. అంటే మన టోనర్ ఎలా కూర్చుంటుందో, సబ్బు ఏం చేస్తుందో, రెండిటికీ పునాది ఒక్క మనిషే వేశాడు. 102 ఏళ్ళు బతికాడు కూడా. పారిస్ వెళ్ళినప్పుడు ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు కింద చుట్టూ చూడండి. 1889లో అక్కడ రాసిన 72 పేర్లలో షెవ్రోల్ ఉన్నాడు, పెరాక్సైడ్ తెనార్ కూడా ఉన్నాడు. ఆ 72లో ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ ఇద్దరి పనినీ తలకెత్తుకున్నది మాత్రం మనమే!

ఎదురు రంగుతో పసుపుని అణచడం మనకి కొత్తేమీ కాదు. తెల్ల పంచెలు, దుప్పట్లు, స్కూలు చొక్కాలు ఉతికాక ఆఖరి బకెట్‌లో నీలిమందు కలిపి జాడించేవాళ్ళు అమ్మమ్మలు. ఎందుకు? నూలుబట్ట ఉతకగా ఉతకగా పసుపెక్కుతుంది, దాని మీద చిటికెడు నీలం పడితే కన్ను దాన్ని తెలుపు అనుకుంటుంది. మురికి పోయిందా అంటే అది సబ్బు పని, నీలిమందు పని కంటిని ఒప్పించడం. 1820ల చివర్లో ఫ్రాన్స్‌లో గిమే అనే ఆయన అల్ట్రామెరీన్ నీలాన్ని చవగ్గా తయారుచేసే దారి కనిపెట్టాక ఆ నీలం ప్రపంచమంతా చాకిరేవులకి చేరింది. మన ఇళ్ళకి రాబిన్ బ్లూ పొడిగా వచ్చింది. ఆ తర్వాత 1983లో కేరళలో ఎం.పి. రామచంద్రన్ మొదలుపెట్టిన ఉజాలా వచ్చింది, నాలుగు చుక్కలేస్తే చాలని. ఉజాలా సీసాని గుర్తు తెచ్చుకోండి. అది నీలం కాదు, ఊదా. అచ్చంగా పర్పుల్ షాంపూ రంగు. పసుపుకి ఎదురు ఊదా అని ఇందాక అనుకున్నాం కదా, అదే. ఎక్కువ పడితే ఏమయ్యేది? చొక్కా మరకలు మరకలుగా నీలంగా అయ్యేది, స్కూల్లో నవ్వేవాళ్ళు. పర్పుల్ షాంపూ అతిగా వాడితే జుట్టు చివర్లు బూడిద ఊదాగా మసకబారేది కూడా అందుకే. బ్లీచ్ అయిన వెంట్రుక నూలుబట్ట లాగే పీల్చేసుకుంటుంది. పాత చొక్కా ఇంకా ఎక్కువ పీల్చినట్టు, ఎక్కువసార్లు బ్లీచ్ తగిలిన చివర్లు ఇంకా ఎక్కువ పీలుస్తాయి.

ఈ నీలాన్ని తలకి తెచ్చింది మొదట నెరిసిన జుట్టు ఆడవాళ్ళు. తెల్లవెంట్రుకలు కూడా కాలంతో పసుపు పడతాయి. దానికి పల్చటి నీలం నీళ్ళతో ఆఖరి జాడింపు, దాన్నే బ్లూ రిన్స్ అన్నారు. యూకేలో ఉన్న మన వాళ్ళు పాత ఫొటోల్లో నీలం ఛాయ తలలు చూసే ఉంటారు. ఇంకోవైపు హాలీవుడ్. 1931లో జీన్ హార్లో నటించిన ప్లాటినమ్ బ్లాండ్ సినిమా వచ్చాక తెల్లటి బంగారం రంగు కోసం అమెరికా అమ్మాయిలు సెలూన్ల మీద పడ్డారు. ఆమె రంగుకి సరిగ్గా సరిపోయేలా చేసి చూపించిన హెయిర్ డ్రెస్సర్‌కి 10,000 డాలర్లు ఇస్తామని ఆమె నిర్మాత హోవర్డ్ హ్యూస్ మనుషులు ప్రచారం చేశారు. ఆమె మాత్రం తనది సహజమైన రంగేనని చెప్పుకుంది. 1937లో 26 ఏళ్ళకే చనిపోయింది. తలకి వేసిన మందులే చంపాయని ఇప్పటికీ ఫార్వర్డ్ మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఆమె పోయింది కిడ్నీలు పాడై. ఆ మెసేజ్ మీకు వస్తే ముందుకి తోయకండి.

అంటే భయపడాల్సింది ఏమీ లేదని కాదు. టోనర్లలో చాలావాటికి మూలమైన రంగుల కుటుంబం 19వ శతాబ్దపు తారు రసాయనాల నుంచి వచ్చింది. 1856లో పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోతే ఊదారంగు వచ్చింది, అక్కడ మొదలైంది కృత్రిమ రంగుల కాలం. పారిస్‌లో యూజెన్ ష్యూలర్ 1907లో జుట్టు రంగు తయారుచేసి, 1909లో కంపెనీ పెట్టాడు. దాని మొదటి పేరుకి హాని చేయని జుట్టు రంగుల ఫ్రెంచి సంస్థ అని అర్థం. అదే తర్వాత లోరియల్ అయింది. హాని లేనివి అని పేరులోనే చెప్పుకోవాల్సి వచ్చిందంటే అప్పటి రంగుల సంగతి ఊహించుకోండి. ఈ కుటుంబంలో పారా ఫెనిలీన్ డైయమీన్ అనే రంగుకి కొందరికి గట్టి ఎలర్జీ వస్తుంది. 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో చుక్క పెట్టి చూడమనేది అందుకే. ఇండియాలో నల్ల హెన్నా అని అమ్మే పెట్టెల్లో చాలావాటిలో ఇదే ఉంటుంది. పెళ్ళిలో చేతికి నల్ల మెహెందీ పెట్టించుకుని దద్దుర్లు తేలినవాళ్ళు ఆ సంగతి సెలూన్‌లో ముందే చెప్పాలి, దాచకూడదు.

ఇక గోరింటాకు. మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. జుట్టు పొడిబారింది కదా అని హైలైట్స్ అయిన నెలకి గోరింటాకు పెట్టేస్తారు. ఆకులోని రంగు వెంట్రుకకి గట్టిగా పట్టుకుంటుంది, అది ఎర్ర నారింజ. టోనర్ అణచిన రంగునే మళ్ళీ తెచ్చి పైన పూసినట్టు. దాని మీద నీలిఆకు పొడి వేస్తే బ్లీచ్ అయిన పాయలు ఆకుపచ్చకి తిరగొచ్చు. ఇంకా ముఖ్యమైనది, కొన్ని హెన్నా పొడుల్లో లోహ లవణాలు కలుపుతారు. అవి జుట్టులో ఉండగా పెరాక్సైడ్ తగిలితే వేడి పుట్టి వెంట్రుక తెగిపోయే ప్రమాదం ఉంది. ఆరు నెలల కిందట పెట్టిన హెన్నా అయినా సరే, పెరిగిన జుట్టులో అది అలాగే ఉంటుంది. పసుపు సంగతి కూడా అంతే. మంగళస్నానాలకి నలుగు పెట్టేటప్పుడు తలకి తగలకుండా గుడ్డ చుట్టుకోండి, బ్లీచ్ అయిన పాయకి పసుపు మహా ఇష్టం.

హైలైట్స్ అనే పద్ధతికి వద్దాం. 1956లో అమెరికాలో క్లైరాల్ కంపెనీ ఇంట్లోనే ఒకేసారి వేసుకునే రంగు తెచ్చింది. ఆ ప్రకటన రాసింది షర్లీ పాలికాఫ్ అనే ఆవిడ. వేసుకుందో లేదో పక్కవాళ్ళకి తెలియదు, ఆమె హెయిర్ డ్రెస్సర్‌కి తప్ప, అన్నది దాని సారం. అప్పటికి రంగు వేసుకోవడం గుట్టు వ్యవహారం. హైలైట్స్ వచ్చాక ఆ గుట్టు అక్కర్లేకపోయింది, అందరికీ కనబడాలనే వేయించుకుంటారు. మొదట కన్నాల రబ్బరు టోపీ తొడిగి, క్రోషే సూది లాంటి కొక్కెంతో ఒక్కో పాయ పైకి లాగి బ్లీచ్ పెట్టేవారు. తర్వాత అల్యూమినియం రేకు మడతలు వచ్చాయి. 1970ల్లో పారిస్ సెలూన్లలో రేకు లేకుండా చేత్తో బ్రష్ పట్టి పూయడం మొదలైంది, అదే బాలయాజ్. ఫ్రెంచిలో ఊడ్చడం అని అర్థం. చీపురు పట్టినట్టు ఊడ్చి వెళ్ళడమే! నల్లజుట్టుకి ఇది ఒక రకంగా మేలు. మాడు దగ్గర నలుపు వదిలేస్తారు కాబట్టి కొత్తగా పెరిగినా గీత పడదు, ప్రతి నెలా బ్లీచ్ అక్కర్లేదు.

ఇప్పుడు తల కడగడం. షాంపూ అనే మాట హిందీ చాంపో నుంచి వెళ్ళిందే, నొక్కు, మర్దనా చెయ్యి అని. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్ ఇంగ్లండ్ వెళ్ళి బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, మర్దనా పెట్టి ఆ మాటని అక్కడ ప్రసిద్ధం చేశాడు. రాజు నాలుగో జార్జికి షాంపూయింగ్ సర్జన్ అని బిరుదు కూడా. అప్పటికి షాంపూ అంటే మర్దనాయే, కడగడం తర్వాత వచ్చి చేరింది.

కడగడానికి చాలాకాలం సబ్బే. సబ్బుది క్షార గుణం. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి, పైన చేప పొలుసుల్లా ఉండే పొర లేస్తుంది. 1909లో కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సెన్ పీహెచ్ కొలత తెచ్చాకే ఈ క్షారం ఎంతో, ఆమ్లం ఎంతో అంకెల్లో చెప్పడం కుదిరింది. 1960లో పౌలా కెంట్ అనే నటి, జెరీ రెడ్డింగ్ అనే హెయిర్ డ్రెస్సర్ కలిసి రెడ్‌కెన్ పెట్టి, జుట్టుకి కొంచెం పులుపు వైపున్న మందులే మంచివని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. కొత్తగా టోన్ చేసిన జుట్టుకి ఇది మరీ అవసరం. ఎందుకంటే బ్లీచ్ వెంట్రుక పైన సహజంగా ఉండే సన్నటి కొవ్వు పొరని కూడా తీసేస్తుంది. నీళ్ళని తోసే వెంట్రుక కాస్తా నీళ్ళు తాగే వెంట్రుక అవుతుంది. తాగిన నీళ్ళు బయటికి వస్తూ టోనర్‌ని తెచ్చుకుంటాయి. రంగు పోగొట్టేది షాంపూ ఒక్కటే అనుకుంటాం గానీ ఉత్త నీళ్ళకీ అందులో వాటా ఉంది. రెండు మూడు రోజులు తడపొద్దు అనడం, తర్వాత కూడా వారానికి రెండుసార్లు మించొద్దు అనడం ఈ లెక్కనే.

కాబట్టి మన తలంటు పద్ధతిని టోనర్ పక్కన పెట్టి చూస్తే కొంచెం కష్టంగానే ఉంటుంది. మరిగే నీళ్ళు, కుంకుడుకాయ రసం రెండు మూడు సార్లు, జిడ్డు వదిలేదాకా రుద్దుడు. కుంకుడు ప్రకృతి సిద్ధమైనదే, కాదనను. కానీ జిడ్డుని తీసే నురగ ఏదైనా రంగునీ కొంత తీస్తుంది, చెట్టుకి కాసినంత మాత్రాన మొహమాటపడదు. దీపావళి తలంటు మానమని ఎవరు చెప్పగలరు? టోనర్ అపాయింట్‌మెంట్ పండగ తర్వాత పెట్టుకుంటే సరిపోతుంది.

నూనె విషయంలో మాత్రం అమ్మమ్మలదే గెలుపు. 2003లో ఆర్తి రేలే, ఆర్.బి. మొహిలే మినరల్ ఆయిల్, సన్‌ఫ్లవర్, కొబ్బరినూనె మూడిటినీ పోల్చి చూశారు. కడిగేటప్పుడు వెంట్రుకలోంచి ప్రోటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే, పాడైన జుట్టులోనూ, బాగున్న జుట్టులోనూ. వాళ్ళు పనిచేసింది పారాషూట్ నూనె అమ్మే మారికోలో, అది కూడా తెలిసి చదవడం మంచిది. అయినా కొబ్బరినూనె అణువు వెంట్రుక లోపలికి దూరగలదన్న మాట నిలబడింది. అయితే టోనర్ వేయించిన మొదటి వారం వద్దు. నూనె పెడితే వదిలించడానికి షాంపూ ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత తలస్నానానికి గంట ముందు, చివర్లకి మాత్రం, అరచెంచా చాలు. ఉసిరి, గుంటగలగర కాచిన పచ్చని నూనెలు తేలిక రంగు పాయలకి ఛాయ అంటించొచ్చు, తెల్లటి కొబ్బరినూనే మేలు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి, అపార్ట్‌మెంట్ పూల్‌లో పిల్లలతో దిగేవాళ్ళకి ఒక మాట. బ్లీచ్ జుట్టు పూల్‌లో పచ్చబడితే అందరూ క్లోరిన్‌ని తిడతారు. ఆకుపచ్చ వచ్చేది నీళ్ళలో కరిగిన రాగి వల్ల. దిగే ముందే కుళాయి నీళ్ళతో జుట్టు తడిపి, కొంచెం కండిషనర్ రాసి ముడేసుకుంటే, అప్పటికే కడుపు నిండిన వెంట్రుక పూల్ నీళ్ళు తక్కువ తాగుతుంది.

ఇక సీసా దగ్గరికి. మీ హైలైట్స్ వెలిశాక ఏ రంగుకి తిరిగాయో పగటి వెలుతురులో, కిటికీ దగ్గర నిలబడి చూడండి. నిమ్మపండు పసుపైతే ఊదా షాంపూ. రాగిచెంబు, నారింజ అయితే ఊదా ఏమీ చేయదు, నీలం షాంపూ కావాలి. అంగళ్ళలో ముందు వరసలో ఉండేది ఊదాదే, ఎందుకంటే దాన్ని తయారుచేసింది 9, 10 మెట్ల మీద ఉన్న తలల కోసం. కారమెల్, తేనె, కాఫీ రంగుల్లో ఆగే మన తలలకి ఎక్కువసార్లు కావాల్సింది పక్కన దాక్కున్న నీలం సీసా. వారానికోసారి, రెండు మూడు నిమిషాలు, అంతకన్నా అక్కర్లేదు. తడిజుట్టు మీద వేడి ఇస్త్రీ పెట్టకండి, లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడే తెగుతుంది.

నెలన్నర తర్వాత రంగు మళ్ళీ తిరిగినప్పుడు సెలూన్‌కి ఫోన్ చేసి మళ్ళీ హైలైట్స్ అని చెప్పకండి. ఆ పాయల్లోంచి తీయాల్సింది ఎప్పుడో తీసేశారు, ఇంకోసారి బ్లీచ్ దండగ, చేటు కూడా. టోనర్ ఒక్కటే కావాలి, లేదా గ్లాస్ ఒక్కటే, అని అడగండి. బ్లీచ్ ఉండదు కాబట్టి సమయమూ తక్కువే, ఖర్చూ తక్కువే. పోయినసారి ఏ నంబరు కలిపారో వాళ్ళ కార్డులో రాసి ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఊరు మారినా, దేశం మారినా పనికొస్తుంది.